ఆర్ట్స్ అంటే సెట్లు వేయడమా?

“మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?” అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి నాకు కనీసం పది నిమిషాలు పడుతుంది. ఇంజనీరింగ్ అయితే ఒక్క మాటలో తేలిపోను. “సీఎస్‌ఈ” అంటే చాలు, “ఏ కాలేజీ?” అని అడిగి ఊరుకుంటారు. ఫిలింనగర్‌లో ఉండేవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. లిబరల్ ఆర్ట్స్ అనగానే మా పై అంతస్తు వదినగారు, “ఆర్ట్ డిపార్ట్‌మెంటా? సెట్లు వేయడమా? ఆడపిల్లకి ఆ ప్లైవుడ్డూ ప్లాస్టర్ ఆఫ్ పారిసూ ఎందుకమ్మా!” అన్నారు. ఆవిడ తప్పేం లేదు. వాళ్ళాయన ముప్ఫై ఏళ్ళుగా ఆర్ట్ అసిస్టెంటు. మా వీధుల్లో ఆర్ట్స్ అంటే అదే.

ఏమిటా చదువు, ఎక్కడ, ఎంతవుతుంది, చివరికి ఏం ఉద్యోగం వస్తుంది అని మీలో కూడా కొందరు అడిగారు. పిల్లలు ఇంటర్‌లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మాయి శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతోంది. శ్రీసిటీ మన తిరుపతి జిల్లాలోనే, సత్యవేడు దగ్గర, సరిగ్గా తమిళనాడు సరిహద్దు మీద ఉంటుంది. చుట్టూ ఫ్యాక్టరీలు. ఒకపక్క ఇసుజు బళ్ళు, ఒకపక్క మెట్రో బోగీలు, ఒకపక్క క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారవుతుంటాయి. వాటి మధ్యన పిల్లలు తత్వశాస్త్రం గురించి వాదించుకుంటూ ఉంటారు. 2018లో పెట్టిన యూనివర్సిటీ, 2019లో డిగ్రీ మొదటి బ్యాచ్. అంటే మన ఉస్మానియా ముందు నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల.

చదువు పద్ధతి చెప్తాను. ఏడాదికి మూడు టర్ములు. మొదటి ఏడాది అందరికీ చాలావరకు ఉమ్మడి చదువు. ఫిజిక్స్ చదవాలనుకునే పిల్లాడు కూడా సాహిత్యం, నీతిశాస్త్రం లాంటివి చదవాలి. చరిత్ర ఇష్టమన్న పిల్ల కూడా లెక్కల తర్కం, డేటా చూడటం నేర్చుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువగా రాయడం నేర్పిస్తారు. ఆ తర్వాత మేజర్ ఎంచుకుంటారు, దానికి తోడు ఇంకో సబ్జెక్టు మైనర్‌గా పెట్టుకోవచ్చు. వాళ్ళ భాషలో దీన్ని ‘ఇంటర్‌వోవెన్’ అంటారు, అంటే పడుగూ పేకలా కలిపి నేసినట్టు. మా అమ్మాయి ఎకనామిక్స్ అనుకుని వెళ్ళి ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ దగ్గర ఆగింది. ఇక్కడ ఇంటర్‌లో ఎంపీసీ నుంచి సీఈసీకి మారతానంటే కాలేజీలో ఎంత రభస జరిగిందో గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆ కాలేజీ పేరు ఎందుకులెండి. గోడ మీద ర్యాంకుల ఫోటోలే తప్ప పిల్లల పేర్లు తెలియని కాలేజీలు మీ వీధిలోనూ ఉంటాయి.

ఈ ‘కలిపి నేయడం’ సంగతి మా ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. ఆయన డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. మా మామగారు మద్రాసులో రికార్డింగ్ పనిచేసేవారు. పరిశ్రమ ఇటు వచ్చాక ఆయనా సామాను సర్దుకుని వచ్చేశారు. సినిమావాళ్ళ లెక్క ప్రకారం సినిమా అంటే 24 క్రాఫ్ట్‌లు. మా ఆయన ఏమంటారంటే, “తన క్రాఫ్ట్ ఒక్కటే తెలిసినవాడు ఎప్పటికీ అసిస్టెంటుగానే ఉండిపోతాడు. ఎడిటర్‌కి సంగీతం తెలియాలి, కెమెరామన్‌కి కథ తెలియాలి.” మరి ఇంత తెలిసిన పరిశ్రమ తన పిల్లల్ని మాత్రం కళ్ళు మూసుకుని ఎంసెట్ కోచింగ్‌లో పడేస్తుంది. అవును, శేఖర్ కమ్ముల ఇంజనీరింగ్ చదివే సినిమా చదువుకి అమెరికాలో హోవార్డ్ యూనివర్సిటీకి వెళ్ళారు. “చూశారా, ముందు ఇంజనీరింగ్ చేయించండి, తర్వాత ఏదైనా చేసుకుంటుంది” అన్నవాళ్ళందరూ ఆయన పేరే చెప్పారు నాకు! నాలుగేళ్ళు ఇష్టం లేని చదువు చదివితేనే ఇష్టమైన చదువుకి అర్హత వస్తుందన్న లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు ఇది కొత్త చదువేమీ కాదని నా అభిప్రాయం. నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. చదివాను. తెలుగు, చరిత్ర, పొలిటికల్ సైన్స్. ఆ రోజుల్లో బి.ఏ. అంటేనే మూడు సబ్జెక్టులు. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీ మెట్ల మీద కూర్చుని పొద్దున ప్రబంధాలు, మధ్యాహ్నం నిజాం కాలం రాజకీయాలు చదువుకున్నాం. ఒక సబ్జెక్టులో విన్నది ఇంకో సబ్జెక్టులో అడ్డం పడేది, దాని మీద లెక్చరర్లతో వాదించేవాళ్ళం. ‘ఇంటర్‌వోవెన్’ అని పేరు పెట్టుకోలేదు, అంతే. ఏడాది ఫీజు వందల్లో ఉండేది. సిటీ బస్సు పాసే పెద్ద ఖర్చు.

అదే రకం చదువు ఇప్పుడు మా అమ్మాయికి లక్షల్లో పడుతోంది. నన్ను గుచ్చుతున్నది ఈ మాటే. సదుపాయాల్లో పోలికే లేదు, ఒప్పుకుంటాను. మా క్లాసులో డెబ్బై మంది ఉండేవాళ్ళం, వాళ్ళ క్లాసులో ఇరవై పాతిక మంది. మా అమ్మాయి వ్యాసం రాసిస్తే మార్జిన్ నిండా ప్రొఫెసర్ ప్రశ్నలు రాసి వెనక్కిస్తారు. అది మళ్ళీ రాసుకుని వెళ్తుంది, మళ్ళీ ప్రశ్నలు. క్లాసుకి ముందే ముప్ఫై నలభై పేజీలు చదువుకుని వెళ్ళాలి, చదవకపోతే నోరు తెరవడానికి ఏమీ ఉండదు. అర్థం కాకపోతే ప్రొఫెసర్ గది తలుపు తట్టి కూర్చోవచ్చు. ఒక మనిషి మన పిల్ల రాసినదాన్ని శ్రద్ధగా చదివి, “నువ్విలా ఎందుకనుకున్నావు?” అని అడగడం ఎంత పెద్ద విషయమో పన్నెండేళ్ళు బిట్ పేపర్లు దిద్దించుకున్న పిల్లల తల్లులకి వేరే చెప్పాలా?

ఇక డబ్బు సంగతి. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అంటే బయటివాళ్ళు అందరివీ బంగళాలే అనుకుంటారు. మా అమ్మాయి హాస్టల్లో పిల్లలు మొదటి వారం ఏ హీరో ఇంటి పక్కన మీ ఇల్లు అని అడిగారట. మాది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు. కిటికీలోంచి కనిపించేది రేకుల ఇళ్ళ బస్తీ. మా ఇంట్లో నెల జీతం అన్న మాట లేదు. సినిమా పూర్తయితే డబ్బు, రిలీజైతే బాలెన్సు, ఆగిపోతే దేవుడే దిక్కు.

కిందటేడు, 2025 ఆగస్టులో, వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేసింది మీకు గుర్తుండే ఉంటుంది. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. కృష్ణానగర్‌లో పొద్దున్నే కాస్ట్యూమ్ బస్సుల కోసం నిలబడే జనం లేక రోడ్డు బోసిపోయింది. సమ్మె న్యాయమైనదే, మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. కానీ సరిగ్గా అప్పుడే రెండో ఏడాది ఫీజు కట్టాల్సిన రోజులు. మొదటి ఏడాదికి అమ్మాయి పెళ్ళికని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీశాం. రెండో ఏడాదికి నా గాజులు ముత్తూట్‌కి వెళ్ళాయి, ఇంకా తిరిగి రాలేదు. మా అత్తయ్యగారు ఒక్క మాటే అడిగారు: “చదువయ్యాక ఈ పిల్ల చేతిలో ఏముంటుందే?” ఆవిడ వెటకారానికి అడగలేదు. నాకు జవాబు తెలుసనుకుని అడిగారు.

ఫీజు గురించి పనికొచ్చే ముక్క ఒకటి చెప్తాను. ఇలాంటి యూనివర్సిటీలు చాలావాటిలో మార్కుల స్కాలర్‌షిప్ వేరు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం వేరు. రెండోదాని గురించి మనవాళ్ళు అడగరు. అడగడం నామోషీ అనుకుంటారు. ఏ నామోషీ లేదు. కానీ కాగితాలు కావాలి. జీతగాళ్ళకి శాలరీ స్లిప్ ఉంటుంది. మాలాంటివాళ్ళకి మూడేళ్ళ ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లే దిక్కు. చేతికి నగదు తీసుకుని రిటర్ను వేయని ఇళ్ళలో ఆదాయం తక్కువైనా రుజువు చేసుకోలేరు. పిల్లలు తొమ్మిదో పదో తరగతిలో ఉన్నప్పటి నుంచే రిటర్నులు వేయించండి. మాకు ఆ రిటర్నుల వల్లే ఫీజులో కొంత భాగం తగ్గింది. మిగతాది గాజులు.

అంత పెట్టలేనివాళ్ళకి వేరే దారులు లేవా? ఉన్నాయి. మన గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఉంది, సీయూఈటీ రాయాలి, ఫీజు మన చేతికందేదే. మా అమ్మాయి రాసింది, రాలేదు. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం చేస్తారు. ఇక్కడ తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో కూడా ఇప్పుడు ‘బకెట్లు’ అని పెట్టి, మునుపు కలవని సబ్జెక్టులు కలిపి తీసుకోనిస్తున్నారు. పేరు బకెట్ అయినా ఆలోచన మంచిదే. ఇంకా మన జూబ్లీహిల్స్‌లోనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో పెట్టారు, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. కోట్ల ఖరీదు చేసే ఇళ్ళ మధ్య, ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ చదివేవాళ్ళ కోసం ఉన్న చోటు. మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్ళలో వంట చేసే అమ్మాయి అక్కడే బి.ఏ. రెండో ఏడాది. మధ్యాహ్నం మా ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని పుస్తకం తీస్తుంది. ఆమెకి ప్రొఫెసర్ మార్జిన్‌లో ప్రశ్నలు రాసే వసతి లేదు. అప్పుడప్పుడు నేనే పెన్సిలు పట్టుకుంటాను.

సరే, చదువు సంగతికి వస్తాను. ఈ చలికాలం టర్ములో మా అమ్మాయి వాళ్ళకి ఫీల్డ్ ప్రాజెక్టు ఇచ్చారు. శ్రీసిటీకి తూర్పున కాస్త దూరంలోనే పులికాట్ సరస్సు. ఉప్పునీటి సరస్సుల్లో చిల్కా తర్వాత అదే పెద్దది, ఎక్కువ భాగం మన వైపే ఉంది. అవతల శ్రీహరికోట. శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తాయని సూళ్ళూరుపేటలో పండుగ చేస్తారు కదా, అదే. అందరూ పక్షుల మీద రాస్తుంటే ఈ పిల్ల చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ మీద రాస్తానంది. సముద్రం నీరు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే ఇళ్ళ ఖర్చులు ఎలా నడుస్తున్నాయి, పిల్లల చదువులు ఎలా సాగుతున్నాయి అన్నది దాని ప్రశ్న.

వాళ్ళ గ్రూపులో నలుగురు. తెలుగు వచ్చింది దీనికొక్కదానికే. క్యాంపస్‌లో ఇంగ్లీషు, హిందీ, తమిళం వినిపిస్తాయి కానీ తెలుగు పిల్లలు తక్కువ. మొదటి టర్ములో ఫోన్లో నాతో తెలుగులో మాట్లాడుతూ గొంతు తగ్గించేది, నేను గమనించాను. ఇప్పుడు ఆ తెలుగే గ్రూపుకంతటికీ ఆధారమైంది. కానీ మా పిల్ల తెలుగు ఎంత? కూకట్‌పల్లి వెళ్ళొచ్చేంత. తడ వైపు ఊళ్ళో ఆవిడ మాట్లాడింది సగం అర్థం కాలేదు. రికార్డు చేసి నాకు పంపింది. “అమ్మా, నువ్వు బి.ఏ. తెలుగు కదా, కాస్త విని రాసిపెట్టవా?”

బి.ఏ. తెలుగు కదా! ఇరవై ఐదేళ్ళలో ఆ మాట నాతో అన్నవాళ్ళందరూ శుభలేఖలో ప్రూఫులు దిద్దించుకోవడానికో, పిల్లలకి తెలుగు దివస్ స్పీచ్ రాయించుకోవడానికో అన్నారు.

రికార్డింగ్ నిండా గాలి. సరస్సు గట్టున కూర్చుని మాట్లాడినట్టున్నారు. మా ఆయన రాత్రి ఇంటికొచ్చాక తన లాప్‌టాప్‌లో వేసి ఆ గాలి హోరంతా తగ్గించి ఇచ్చారు. పెద్ద హీరోల గొంతులు శుభ్రం చేసే పనిమంతుడు, రొయ్యలు అమ్ముకునే ఆవిడ గొంతుని కూడా అంతే శ్రద్ధగా శుభ్రం చేశారు. తర్వాత నాలుగు మధ్యాహ్నాలు ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను రాశాను. ఒక్కో వాక్యం పదిసార్లు విన్నాను.

ఒకచోట ఆవిడ ‘దొరువు’ అంది. మా అమ్మాయి దాన్ని ‘చెరువు’ అని రాసుకుంది. కాదు, దొరువంటే ఇసుక నేలల్లో నీళ్ళ కోసం తవ్వుకునే గుంట. నెల్లూరు, ప్రకాశం తీరంలో వాడే మాట. సరస్సు ముఖద్వారాల్లో ఒకదాని పేరులోనే ఉంది, రాయదొరువు. ఇంకోచోట ‘పాడు’ అంది. పాడైపోవడం అనుకుంటే వాక్యం కుదరలేదు. ఆ పిల్ల ప్రొఫెసర్ని అడిగి వచ్చి చెప్పింది, సరస్సులో వేట స్థలాల్ని వంతుల ప్రకారం పంచుకునే పాత పద్ధతి పేరు అదట. ఆవిడ పుట్టిల్లు అవతల తమిళం వైపు, పళవేర్కాడు దగ్గర. అలా ఒక మాట నేను చెప్పాను, ఒక మాట వాళ్ళ క్లాసు నాకు చెప్పింది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం సంగతి కూడా మా పిల్లకి చెప్పాను. 1962లో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోట మాటల్ని సేకరించి వేశారు. “ఇప్పుడు మీరు చేస్తున్నది కూడా అదే కదే” అన్నాను. అది లైబ్రరీలో వెతికి, దొరక్క, పీడీఎఫ్ సంపాదించి, మా ప్రొఫెసర్‌కి చూపించానమ్మా అని రాత్రి పదకొండింటికి ఫోను. “ట్రాన్స్‌క్రిప్షన్ ఎవరు చేశారని అడిగారు. అమ్మ అని చెప్పాను. రిపోర్టులో పేరు వేయమన్నారు.” నేను సరేలే పడుకో అన్నాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

అన్నట్టు, ఆ యూనివర్సిటీలో సామాజిక శాస్త్రాల పరిశోధన కేంద్రానికి మోటూరి సత్యనారాయణగారి పేరు పెట్టారు. దక్షిణాదిలో హిందీ ప్రచారానికి అంకితమైన మనిషిగా అందరికీ తెలుసు. కానీ మాకు కోఠి కాలేజీ లైబ్రరీలో తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వం లావుపాటి సంపుటాలు ఉండేవి, వాటి వెనకా ఉన్నది ఆయనే. ఆ బోర్డు చూసి నేను ఆగిపోతే, మా అమ్మాయి “ఎవరమ్మా ఆయన?” అంది. చెప్పాను. బాగానే వింది.

ఇక మా అత్తయ్యగారి ప్రశ్న అలాగే ఉంది. చేతిలో ఏముంటుంది? వాళ్ళ సీనియర్లు కొందరు పై చదువులకి విదేశాలు వెళ్ళారు, కొందరు పరిశోధన సంస్థల్లో చేరారు, కొందరు కన్సల్టింగ్ కంపెనీల్లో ఉన్నారు, కొందరు ఇంకా వెతుక్కుంటున్నారు. క్యాంపస్‌లో నాలుగు కంపెనీలు వచ్చి వందల మందిని తీసుకెళ్ళే చదువు ఇది కాదు. అది కావాలంటే ఇక్కడికి పంపకండి, నిష్కర్షగా చెప్తున్నాను. వేసవి ఇంటర్న్‌షిప్ కూడా ఎవరో తెచ్చి చేతిలో పెట్టరు. మా అమ్మాయి కిందటేడు పదిహేడు ఉత్తరాలు రాస్తే రెండు జవాబులు వచ్చాయి. అందులో ఒకటి ‘ఈసారికి ఖాళీలు లేవు’ అని. రెండోచోట ఆరు వారాలు పనిచేసింది, డబ్బులివ్వలేదు. ఇంట్లో గడిచే పిల్లలే అలా ఉచితంగా పనిచేయగలరు, మిగతావాళ్ళ సంగతేమిటన్నది ఆలోచించాల్సిన విషయం.

మా ఆయన అనేది వేరు. డబ్బింగ్ గొంతుల్ని కంప్యూటరే తయారుచేస్తోంది, రేపు తన పనే ఉంటుందో లేదో తెలియదు, ఏ చదువుకి గ్యారంటీ ఉందని దీన్ని మాత్రం అడగాలి అంటారు. ఆ మాట విని అత్తయ్యగారు ఊరుకున్నారు. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నాకు ఆవిడ సంగతి తెలుసు.

ఇప్పుడు మా ముందున్నది నాలుగో ఏడాది. మూడేళ్ళకి డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, కావాలంటే నాలుగో ఏడాది ఉండి పరిశోధన చేయవచ్చు. మా పిల్లకి ఉండాలని ఉంది. పులికాట్ పని అక్కడితో వదలదట. మా ఆయన లెక్కల పుస్తకం తీసి, మూసి, మళ్ళీ తీస్తున్నారు. నేను ఇంకా ఏమీ అనలేదు. సాయం దరఖాస్తుకి కావలసిన కాగితాల ఫైలు మాత్రం సర్ది పెట్టాను.

నిన్న రెండో రికార్డింగ్ వచ్చింది, నలభై నిమిషాలు. ఈసారి ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు, మధ్యలో కోడి. మీలో తడ, సూళ్ళూరుపేట వైపు పుట్టిల్లు ఉన్నవాళ్ళుంటే ఒక్క సాయం చేయండి. చేపలు పట్టే వంతుకి మీ ఊళ్ళో ‘పాడు’ అనే అంటారా, వేరే మాట ఉందా? మీ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగి చెప్పినా సరే. మార్చి మొదటి వారంలోపు కావాలి, రిపోర్టు ఇచ్చే తేదీ అది.